ఇంటి యజమానికి మీరేమవుతారు?

2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం చేపట్టిన ఇంటింటి కుటుంబ సర్వే కోసం హైదరాబాదులోని మా ఫ్లాటుకు వచ్చిన ఎన్యూమరేటరు ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని. అంతకు కొద్దిరోజుల ముందే తలుపు మీద స్టిక్కరు అంటించి వెళ్ళారు. పొద్దుటి నుంచి ఎన్ని అంతస్తులు ఎక్కి దిగారో గానీ, ఆవిడ కూర్చోగానే మంచినీళ్ళు అడిగి, 75 ప్రశ్నల ఫారం ఒళ్ళో పరుచుకున్నారు. కరెంటు బిల్లు నా పేరు మీద వస్తుంది కనుక ఇంటి యజమానిగా నా పేరు రాసుకున్నారు. రెండో పేరుగా అతని పేరు రాసి, యజమానితో సంబంధం అనే గడి దగ్గర పెన్ను ఆపి, "సార్, వీరు మీకేమవుతారు?" అని అడిగారు.

ఇద్దరం మగవాళ్ళం, పదమూడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. కలిసి ఉంటామని చెప్పాను. ఆవిడకు అర్థమైందనే నా నమ్మకం, ఎందుకంటే ఆ తర్వాత ప్రశ్న రెట్టించలేదు, ముఖం చిట్లించలేదు. పట్టికలో వేలు పెట్టి భార్య, కొడుకు, కోడలు, తమ్ముడు అంటూ కిందిదాకా చదివి, దేనికీ సరిపోక, "ఇతరులు అని రాస్తే మళ్ళీ నన్నే అడుగుతారు సార్, మిమ్మల్ని రెండు కుటుంబాలుగా రాసేస్తాను" అన్నారు. అలా ఒకే స్టిక్కరున్న తలుపు వెనక రెండు కుటుంబాలు పుట్టాయి. ఇంట్లో సామాన్ల ప్రశ్నలు వచ్చేసరికి, ఉన్న ఒక్క ఫ్రిజ్‌ను ఏ కుటుంబంలో చూపించాలని అడుగుతూ ఆవిడే నవ్వేశారు. కారు నాకు, ఫ్రిజ్ అతనికి వెళ్ళాయి. ఆ ఉపాధ్యాయిని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. చిక్కంతా ఆ ఫారానిదే.

నిజానికి మన దేశంలో జనగణన ఇంటిని లెక్కగట్టే పద్ధతి చాలా పెద్దమనసుతో రాసిన పద్ధతి. మామూలుగా కలిసి నివసిస్తూ ఒకే వంటింట్లో వండుకు తినేవాళ్ళంతా ఒక గృహం కిందికి వస్తారని, వాళ్ళ మధ్య రక్తసంబంధం ఉండవచ్చు, లేకపోవచ్చు అని ఆ నిర్వచనం చెబుతుంది. ఒకే పొయ్యి అన్నదే కొలమానం. అక్కడితో ఆగి ఉంటే మా ఇల్లు ఏ తకరారూ లేకుండా ఒక ఇల్లే అయ్యేది. కానీ పొయ్యిని లెక్కపెట్టిన వెంటనే యజమాని ఎవరు, మిగిలినవాళ్ళు ఆయనకేమవుతారు అన్న ప్రశ్న వస్తుంది, పొయ్యి ఇచ్చిన చోటును ఆ గడి వెనక్కి తీసేసుకుంటుంది. దేశం మనల్ని మనుషులుగా కాక ఇళ్ళుగా లెక్కపెడుతుందని, ఆ ఇళ్ళలో మన చోటు ఎవరికో ఏదో అయితేనే దక్కుతుందని నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. రేషను కార్డు, ఆసుపత్రి సంతకం, శవాన్ని అప్పగించే కాగితం, చివరికి పౌరసత్వం కూడా ఈ గడి గుండానే నడుస్తాయి.

దీనికి పదేళ్ళ ముందు, 2014 ఆగస్టు 19న, కొత్త రాష్ట్రం ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిపినప్పుడు నేను ఈ విషయాన్ని ఇంత స్పష్టంగా చూడలేకపోయాను. ఆరోజు అందరూ ఎవరింట్లో వాళ్ళుండాలని ప్రభుత్వం సెలవిచ్చింది. ముందురోజు సాయంత్రం నుంచే ఊళ్ళకు పోయే బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. "ఇంటి లిస్టుల నీ పేరు లేకుంటే ఎట్లరా" అని అమ్మ నాలుగుసార్లు ఫోను చేస్తే నేను నల్లగొండ జిల్లాలోని మా ఊరికి వెళ్ళి, నాయిన కాగితంలో అవివాహితుడైన కొడుకునై తిరిగొచ్చాను. తెనాలి నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన అతను మాత్రం తాళం వేసుకున్నట్టుండే ఆ నగరంలో, మేమిద్దరం అద్దె కట్టే ఇంట్లో, ఒంటిమనిషి కుటుంబంగా నమోదయ్యాడు. ఆంధ్రవాడని తన పేరు రాసుకోరేమోనని ఆరోజు అతని భయం. నాతో ఉంటున్నాడని రాసుకోరన్న సంగతి మాత్రం ఇద్దరికీ ఎంత సహజంగా అనిపించిందంటే, దాని గురించి మేము మాట్లాడుకోనుకూడా లేదు.

దేశానికి కుటుంబమన్న మాట మీద ఇంత పట్టు ఎందుకు? బడిలో రోజూ చెప్పిన ప్రతిజ్ఞను గుర్తు చేసుకుంటే కొంత తెలుస్తుంది. దానిని తెలుగులోనే మొదట రాసినది నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1962లో ఆయన విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా పనిచేస్తున్నారు. "భారతదేశం నా మాతృభూమి. భారతీయులందరు నా సహోదరులు" అని అది మొదలవుతుంది. అందరూ సహోదరులైతే పెళ్ళెవరిని చేసుకోవాలి సార్ అని వెనక బెంచీల్లోంచి ఎవడో ఒకడు అడగని తరగతి తెలుగునాట ఉండదు. ఆ కొంటె ప్రశ్నలో మాత్రం విషయం ఉంది. భూమిని తల్లి అన్నాం, తెలియని కోట్లమందిని తోబుట్టువులు అన్నాం. తెలుగుతల్లి, తెలంగాణ తల్లి, భరతమాత అంటూ ఒక్కొక్కరికీ ముగ్గురు నలుగురు తల్లుల్ని కుదుర్చుకున్నాం. వీటిలో రక్తసంబంధం ఎక్కడుంది? దేశమన్నదే వరస కలుపుకుని కట్టిన ఇల్లు. అలాంటి దేశం, తన కౌంటరు ముందు నిలబడినవాడు వరస కలిపితే మాత్రం, పుట్టుక కాగితం గానీ పెళ్ళి కాగితం గానీ చూపించమంటుంది.

2023 మార్చిలో స్వలింగ వివాహాల కేసులో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఇచ్చిన అఫిడవిట్టు ఈ ధోరణికి పరాకాష్ఠ. పుట్టుకతో పురుషుడైన భర్త, పుట్టుకతో స్త్రీ అయిన భార్య, వాళ్ళిద్దరికీ పుట్టిన పిల్లలు, ఇదే భారతీయ కుటుంబ భావన అని అందులో రాశారు. తర్వాతి నెలలో, ఈ కోరిక నగరాల్లోని ఉన్నతవర్గపు ఆలోచన అన్నారు. కేసు వేసినవారిలో ముందున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాదువాళ్ళే. ఆ అఫిడవిట్టు చదివినప్పుడు నాకు కోపం కంటే ముందు ఆశ్చర్యం కలిగింది, ఎందుకంటే నాకు తెలిసిన ఏ తెలుగు ఇంటికీ ఆ వర్ణన సరిపోదు. మా నాయినమ్మ ఇంట్లో భర్త చనిపోయిన ఆడబిడ్డ ఉండేది, పెంచుకున్న పిల్లవాడు ఉండేవాడు, ఏ వరసో ఎవరికీ గుర్తులేని ఒక ముసలాయన అరుగు మీద ముప్పై ఏళ్ళు బతికి అక్కడే పోయాడు. ఆయన కర్మ నాయినే చేశాడు. పైగా ఆదాయపు పన్ను చట్టం హిందూ అవిభక్త కుటుంబమనే పెద్ద గుంపును ఈనాటికీ ఒక మనిషిగా లెక్కించి పన్ను వేస్తుంది. అఫిడవిట్టు రాసినవారికి ఈ కుటుంబం గుర్తుకు రాలేదు కాబోలు.

ఇంకా లోతుకు వెళితే ఇల్లటం ఉంది. నెల్లూరు, రాయలసీమ ప్రాంతాల రెడ్లలోనూ, కమ్మవారిలోనూ, కొడుకుల్లేని ఇంటికి అల్లుణ్ణి తెచ్చి కొడుకు స్థానంలో కూర్చోబెట్టే ఆచారాన్ని మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు కోర్టులు చట్టబద్ధమని ఒప్పుకున్నాయి. ఆ తర్వాత మామగారికి కొడుకు పుట్టినా ఇల్లటపు అల్లుడికి అతనితో సమానమైన వాటా వస్తుంది. పుట్టింటి ఆస్తిలో హక్కు పోదు. రక్తం లేకపోయినా కొడుకయ్యే దారి ఇది. శాస్త్రాల్లో లేని ఈ దారిని మనవాళ్ళు తమ అవసరం కొద్దీ వేసుకున్నారు, న్యాయస్థానం వచ్చి ఆ దారికి ముద్ర వేసింది. భూమి, కులం నిలబడటానికి వేసుకున్న దారి కాబట్టి దానికి అంత తేలికగా ఒప్పుదల దొరికిందన్నదీ నిజమే, దాన్ని నేను దాచను. కుటుంబం మారదని చెప్పేవాళ్ళు, ఎవరి కోసం మారింది, ఎవరి కోసం మారలేదు అన్నది చూడాలి.

ఇక్కడ నా స్నేహితులతో నాకొక పేచీ ఉంది. ఇది మన సంస్కృతి కాదని ఎవరైనా అనగానే మనవాళ్ళు ఖజురహో శిల్పాలు, శిఖండి, బృహన్నల అంటూ పురాణాల మూట విప్పుతారు. ఆ వాదన గెలవడం సులువే గానీ, గెలిచాక మిగిలేది చూస్తే నాకు దిగులేస్తుంది. ప్రాచీన గ్రంథంలో ఉన్నవాడే భారతీయుడన్న నియమాన్ని మన నోటితోనే ఒప్పుకున్నవాళ్ళమవుతాం. మరి హైదరాబాదు హిజ్రాల మాటేమిటి? లష్కర్ అంటే సికింద్రాబాదు, షహర్ అంటే పాతనగరం, ఆ రెండు పేర్లతోనే లష్కర్‌వాలా, షహర్‌వాలా అనే రెండు ఇళ్ళుగా వాళ్ళు తరతరాలుగా ఉన్నారు. వాళ్ళ పలకరింపుల్లో సలాములున్నాయి, ఆచారాల్లో ముస్లిం పద్ధతులున్నాయి. బోనాల్లో జోగుకు వచ్చే శివసత్తుల్లోనూ మగ ఆడ గీతలో ఇమడనివాళ్ళున్నారు. వీళ్ళెవరూ ఏ పురాణం అనుమతి తీసుకుని ఈ దేశస్థులు కాలేదు.

ఆ ఇళ్ళ బంధుత్వం గురించి కొంచెం ఆగి చెప్పాలి. కొత్తగా వచ్చినవారిని జమాతు (పెద్దల సభ) ముందు రీత్ వేసి, అంటే ఇంట్లో చేర్చుకునే క్రతువు జరిపి, చేలాగా, అంటే శిష్యురాలిగా చేసుకుంటారు. ఒకే గురువు చేలాలు ఒకరికొకరు గురుభాయిలు, చేలాకు చేలా నాతి చేలా. ఒక ఇంటివాళ్ళు ఇంకో ఇంటికి మారాలంటే కట్టవలసిన దండుగలు, కూర్చోవలసిన పంచాయితీలు ఉంటాయి. వీటికి తోడు పాలబిడ్డ బంధం ఒకటుంది. గురువు చేలా సంబంధంలో లెక్కలుంటాయి, అధికారం ఉంటుంది. పాలతల్లి, పాలకూతురు సంబంధాన్ని మాత్రం పాలు తాగించే క్రతువుతో, ప్రేమ కోసమే కట్టుకుంటారు. పుట్టింటివాళ్ళు గెంటేసిన మనుషులు తమ మధ్య పెత్తనానికి ఒక వరసను, ఆప్యాయతకు మరో వరసను విడివిడిగా ఏర్పరుచుకున్నారంటే, బంధుత్వం గురించి వాళ్ళకున్న ఎరుక మన ఫారాలు రాసేవాళ్ళ కంటే చాలా ఎక్కువన్నమాట. అలాగని దాన్ని నేను పూజామందిరంలో పెట్టబోవడం లేదు. అప్పుల కింద నలిగిన చేలాలు, సంపాదన మొత్తం గురువు చేతిలో పోయవలసి వచ్చిన పిల్లలు నాకు తెలుసు. పుట్టిన కుటుంబాల్లో హింస లేదని కాదు కదా మనం వాటిని కుటుంబాలని పిలుస్తున్నది.

రాజ్యం ఈ బంధుత్వాన్ని చూసీచూడనట్టు వదిలేసిందనుకుంటే పొరపాటు. చూసింది, పనిగట్టుకుని తెంపింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం రెండో భాగం, రిజిస్టరులో పేరెక్కిన హిజ్రా మైనరుకు సంరక్షకుడు కాకూడదని, ఆస్తి దానం చేయకూడదని, వీలునామా రాయకూడదని, కొడుకును దత్తత తీసుకోకూడదని పేర్కొంది. ఒక మనిషి మరొక మనిషికి ఏదైనా అయ్యే దారులన్నీ ఈ నాలుగింటిలో ఉన్నాయి, నాలుగింటినీ మూసేశారు. అదే అచ్చులో నిజాం రాజ్యం ఫసలీ 1329లో, అంటే 1919లో, తన చట్టం చేసుకుంది. రిజిస్టరు పెట్టమంది, ఆడబట్టల్లో కనబడితే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చంది, హిజ్రా ఇంట్లో పదహారేళ్ళ లోపు మగపిల్లవాడు ఉండటమే నేరమంది. నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది, ఆ చట్టం మాత్రం పుస్తకాల్లోనే ఉండిపోయి, వైజయంతి వసంత మొగ్లి తదితరులు పోరాడితే 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా కదలలేదు. స్వలింగ సంపర్కాన్ని నేరమన్న 377 సెక్షను గురించి అందరికీ తెలుసు. పడకగదిని నేరం చేసిన చట్టం కంటే ఇంట్లో బిడ్డ ఉండటాన్ని నేరం చేసిన చట్టం నన్ను ఎక్కువ బాధిస్తుంది.

స్వతంత్ర భారతం రాసిన 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం దీన్ని సరిచేస్తుందని ఆశపడ్డాం. అందులో కుటుంబమంటే రక్తం, వివాహం, చట్టప్రకారం దత్తత, ఈ మూడే. పుట్టింటివాళ్ళు చూసుకోలేకపోతే కోర్టు ఆ మనిషిని పునరావాస కేంద్రంలో పెట్టమని ఆదేశించాలని పన్నెండో సెక్షను చెబుతుంది. అంటే కొట్టి తరిమిన ఇల్లు ఒక దారి, సర్కారు వసతి ఇంకో దారి. గుమ్మంలోకి తీసుకుని అన్నం పెట్టిన గురువు ఇల్లు చట్టం కంటికి ఆనదు.

అస్సాంలో ఈ గడి ఎంత దూరం పోతుందో చూశాం. అక్కడి పౌర జాబితాలో (ఎన్‌ఆర్‌సీలో) పేరుండాలంటే 1971 మార్చి 24 అర్ధరాత్రి నాటికే మన పూర్వీకులు ఇక్కడున్నట్టు పత్రం, ఆ పూర్వీకులకు మనం ఏమవుతామో చూపే మరో పత్రం కావాలి. 2019 ఆగస్టు 31న వచ్చిన తుది జాబితాలో 19 లక్షల మందికి పైగా లేరు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు సుమారు రెండువేల మంది అందులో చోటు లేకుండా పోయారని స్వాతి బిధాన్ బరువా చెప్పారు. అస్సాంలో న్యాయమూర్తి స్థానంలో కూర్చున్న తొలి ట్రాన్స్‌జెండర్ మహిళ ఆమె. పద్నాలుగేళ్ళకు ఇంట్లోంచి పారిపోయిన పిల్ల, పేరు మార్చుకుని ముప్పై ఏళ్ళు బతికాక, ఏ ముఖంతో వెళ్ళి తండ్రి కాగితం అడుగుతుంది? నాయిన ఇంటి జాబితాలో పేరుండాలని అమ్మ పట్టుబట్టింది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. అమ్మకు చట్టాలు తెలియవు గానీ, పేరు ఎక్కడుంటే మనిషికి పుట్టగతులుంటాయో తెలుసు.

ఆ స్వలింగ వివాహాల కేసులో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు పెళ్ళి హక్కు లేదంది. పెళ్ళి కాని జంట కలిసి దత్తత తీసుకోకూడదన్న నిబంధననూ మూడుకు రెండు మెజారిటీతో నిలబెట్టింది. తర్వాత కమిటీ వేశారు. 2024లో రేషను కార్డు విషయంలో ఇలాంటి జంటలను ఒకే గృహంగా చూడమని, ఉమ్మడి బ్యాంకు ఖాతాకు, నామినీకి అడ్డు లేదని, దగ్గర బంధువులు లేనప్పుడు శవాన్ని భాగస్వామికి అప్పగించవచ్చని కేంద్రం ఉత్తర్వులిచ్చింది. దగ్గర బంధువులు లేనప్పుడు అన్న షరతు చదివి మేమిద్దరం చాలాసేపు మాట్లాడలేదు. 2025 మే నెలలో మద్రాసు హైకోర్టు, కుటుంబం ఏర్పడటానికి పెళ్ళి ఒక్కటే మార్గం కాదని, ఎంచుకున్న కుటుంబమన్న భావన ఇప్పటికే స్థిరపడిందని చెప్పింది. నాకు పెళ్ళి తీర్పు కంటే ఈ మాటే ఎక్కువ పనికొస్తుందనిపిస్తుంది. పెళ్ళి హక్కు వస్తే మేమిద్దరం గట్టెక్కుతాం, సంతోషమే, కానీ పాలతల్లి, గురుభాయి, అరుగు మీది ముసలాయన ఆ గట్టు కిందే ఉండిపోతారు. నాకు కావలసినది, నాకు ఎవరు ఏమవుతారో నేను నమోదు చేసుకునే హక్కు. బీమా పాలసీకి నామినీని రాసుకున్నంత మామూలుగా, ఆసుపత్రికి, రేషనుకు, కర్మకు నా మనుషుల్ని నేను రాసుకోగలగాలి.

ఇంత రాసినా మా ఇంట్లో వరస సమస్య అలాగే ఉంది. తెలుగులో ఎవరినైనా పిలవాలంటే వరస కావాలి, వరస కలిపామంటే మనుషులు రెండుగా చీలుతారు: అన్నదమ్ముల వరస, బావామరదుల వరస. అతను మా అమ్మను పెద్దమ్మా అంటే మేమిద్దరం అన్నదమ్ములమైపోతాం, అంతకంటే అబద్ధం లేదు. అత్తమ్మా అంటే అసలు మాట బయటపడుతుంది. అందుకని పదకొండేళ్ళు ఆంటీ అని నెట్టుకొచ్చాడు. ఏ వరసా లేని ఆ ఇంగ్లీషు మాట మాలాంటివాళ్ళను ఎన్ని ఇళ్ళలో కాపాడిందో లెక్కలేదు. నాకు గాల్‌బ్లాడర్ ఆపరేషను జరిగిన ఆసుపత్రిలో అతను సంతకం పెట్టబోతే పేషెంటుకు ఏమవుతారని అడిగారట, కజిన్ అన్నాడట. అదీ అలాంటి మాటే.

పోయిన సంవత్సరం మా నాయిన చనిపోయాడు. దినాల నాడు కొడుకులకు అత్తగారి తరఫువాళ్ళు కొత్త బట్టలు పెట్టాలి. అన్నకు సూర్యాపేట వాళ్ళు పెట్టారు. పెళ్ళికాని నాకు మేనమామ పెడతాడని అనుకున్నారు. అంతలో అతను తెనాలి నుంచి వాళ్ళ అమ్మ పంపిన పంచెల చాపు, కండువా పళ్ళెంలో పెట్టుకుని వచ్చి వరసలో నిలబడ్డాడు. మా పెదనాయిన తల పైకెత్తి, "ఇదే వరసరా?" అని గట్టిగానే అడిగాడు. పందిట్లో చప్పుడు ఆగింది. లోపలి గుమ్మం దగ్గర కూర్చున్న అమ్మ, తలెత్తకుండానే, "పెట్టనియ్యి బావా" అంది.

మూలన చిన్నాయిన నోట్‌బుక్కులో ఎవరు ఏం పెట్టారో రాసుకుంటున్నాడు. మా వైపు వియ్యాలవారిని పేర్లతో రాయరు, ఊరితో రాస్తారు. కార్యమయ్యాక, పొద్దుపోయి జనమంతా వెళ్ళాక, ఆ పుస్తకం తిరగేశాను. సూర్యాపేట వాళ్ళు అని ఒక వరస ఉంది. దాని కింద, అదే చేతిరాతతో, తెనాలి వాళ్ళు, పంచెల చాపు ఒకటి, కండువా ఒకటి అని ఉంది.